ముప్పై ఏడో చుట్టు

"అన్నం తినేసి వచ్చేస్తానొరే,
వార్నిష్ ఆరేలోగా" అని
షట్టరు సగానికి దించి వెళ్లాడు
కృపానందం మేస్త్రి.
మంగళవారం.
వార్నిష్ ఆరింది.

మడతమంచం మీద నడుం వాల్చినవాడు
పిలిస్తే పలకడం లేదని
సలోమక్క ఫోనులో అరుస్తున్నప్పుడు
నేను కాలిపోయిన వైండింగుని
ఉలితో కొట్టి బయటికి లాగుతున్నాను.
ఆ ఒక్క స్లాటూ ఖాళీ చేసిగాని కదల్లేదు.
ఎందుకో ఇప్పటికీ తెలియదు.

నలభై ఆరేళ్లు. బీపీ కూడా లేదు.
మొన్నటికి మొన్న సఖినేటిపల్లి రేవులో
పది హెచ్‌పీ మోటారు ఒక్కడే ఎత్తి
పంటు మీద పెట్టాడు.

మాట తక్కువ మనిషి.
ఫోనెత్తితే "ఆయ్", పెట్టేస్తే "ఆయ్".
చుట్టేటప్పుడు అదీ లేదు,
పెదాలు మాత్రం కదిలేవి.
కొత్తవాళ్లు ప్రార్థన అనుకునేవారు.
అంకెలవి.
మధ్యలో ఎవరొచ్చినా ఎడమచెయ్యి పైకి లేచేది.
రొయ్యల చెరువుల కామందైనా
కరెంటాఫీసు ఏఈ అయినా
ఆ చెయ్యి దిగేదాకా గుమ్మంలో నిలబడాల్సిందే.
ఒక్క నిస్సీ బడి సంచీతో వస్తే మాత్రం
చెయ్యి లేచేది కాదు.
లెక్క పోయేది.
నవ్వుకుంటూ అంతా విప్పి
మళ్లీ ఒకటి.

ఆదివారం చర్చికి వెళ్లేముందు
ఆ పిల్లకి జడ తనే వేసేవాడు.
మూడు పాయలు, మూడు ఫేజులు.
"ఒక్కటి వదులైనా కాలిపోద్దమ్మా" అనేవాడట.

కాలిన రాగిని ఊళ్లో అందరూ
గుట్టుగా పాతసామాన్లకి వేసుకునేవారు.
ఆయన తూచి, చీటీ రాసి, రైతు చేతిలో పెట్టేవాడు.
"వాళ్ల సొమ్మొరే. కాలినా రాగి రాగే."
దానివల్లే రాజోల్లో ఇల్లు కట్టలేకపోయాడని
బావమరుదులు భూస్థాపన రోజున కూడా గొణిగారు.

చీరమేను దిగిందని తెలిస్తే
పని ఎక్కడిదక్కడ ఆపి
టిఫిను కేరియరు కడిగించి బండెక్కేవాడు.
పై గిన్నె మా అమ్మకి.
"చింతకాయేసి వండమను,
మసాలా దంచి పాడుచెయ్యొద్దను."
ఈ ఏడు ఆ గిన్నె
మా వంటింట్లోనే ఉండిపోయింది.
తిరిగి ఇవ్వాలి.

నాలుగో రోజు దిండి కనకరాజు గారొచ్చారు.
గుమ్మంలోనే చెప్పులు విడిచారు, ఎప్పుడూ విడవని మనిషి.
"అడగడానికి నోరు రావట్లేదబ్బాయ్.
తెల్లారుజామున నీళ్లలో గాలి చాలక
రొయ్య పైకి తేలుతోంది."

ఆయన మోటారు బల్ల మీదే ఉంది.
పక్కన ఫర్మా మీద
సగం చుట్టిన కాయిలు.
నోట్సులో గేజి ఉంది, చుట్లు అరవై రెండని ఉంది.
ఎన్ని అయ్యాయో లేదు.
అది ఆయన నోట్లోనే ఉండిపోయింది.

విప్పి లెక్కపెట్టడం తేలిక.
తీగ కొస పట్టుకున్నాను.
"విప్పకు" అంది సలోమక్క.
స్టూలు మీద కూర్చునుంది,
ఆయన నూనెగుడ్డ ఒళ్లో పెట్టుకుని.

గోటితో ఒక్కొక్క తీగా తడుముతూ
లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది.
మళ్లీ పెట్టాను. ముప్పై ఏడు.
మూడోసారి, ముప్పై ఏడు.

అక్కడినుంచి నాది.
నలభై దాటాక గుమ్మంలో నీడ పడింది.
నా ఎడమచెయ్యి దానంతటదే లేచింది.
చూస్తే నిస్సీ.
తొలిసారి ఆ పిల్ల
గుమ్మం అవతల ఆగి నిలబడింది.
చెయ్యి దించేశాను.
లెక్క పోయింది.

"యాభై ఒకటి" అంది,
నా పెదాలకేసి చూస్తూ.

గుడ్డటేపు చుట్టేశాక
ఆయన ఎక్కడ ఆగాడో
నేను ఎక్కడ అందుకున్నానో
ఎవరికీ కనబడదు.
రాగి తూచాను. చీటీ రాశాను.

ఆ రాత్రి రెండింటికి కనకరాజు గారి ఫోను.
"ఆయ్" అన్నాను.
ఆయనేమీ మాట్లాడలేదు,
చెరువుగట్టు మీద నీళ్ల దగ్గరగా
ఫోను పట్టుకున్నాడు.
తిరుగుతోంది.

పొద్దున్నే సలోమక్కకి చెబితే
"నాకూ వినిపించమను" అంది.
మళ్లీ చేసి ఇచ్చాను.
చాలాసేపు
చెవి దగ్గరే పెట్టుకుంది.